రూపాయికి తలంటు

ముందే ఒప్పేసుకుంటే సగం పాపం పోతుందంటారు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్తాను. పుట్టినప్పుడు నాలుగు కేజీలున్నానని నేను గొప్ప చెప్తే, మా అమ్మ పక్కనుంచి "రెండున్నర" అని సరిదిద్దేది. మా ఇంట్లో నేను ఏ అంకె చెప్పినా దాన్ని మూడుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఇంకో ఒకటి తీసేసి, మిగిలింది నమ్ముతారు. ఆఫీసులో అసలు నమ్మరు, కాని టీ చల్లారిపోయేదాకా వింటారు. మీరూ ఆ లెక్కే పాటించండి. చేప రెండు మూరలుందని రాస్తే జానెడనుకోండి. అయితే పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో పెంచినవి బోలెడున్నాయి. పుట్టించింది ఒక్కటే. అదేమిటో చెప్పకుండా జారుకుందామనే చూశాను గాని కుదరలేదు, చివర్లో చెప్తాను.

నాకు నాణేల పిచ్చి నలభై ఎనిమిదో ఏట పట్టింది. ఆ వయసులో మగవాళ్లకి పట్టే పిచ్చిల్లో ఇది చవకైనదేనని మొదట్లో మా ఆవిడ కూడా ఊరుకుంది. తెల్లారి లేచి ఫోను తీస్తే చాలు, అందులో ఎవరో ఒకాయన గొంతు చించుకుంటూ ఉండేవాడు: "మీ ఇంట్లో ఈ రెండు రూపాయల బిళ్ల ఉందా? అయితే మీరు రేపట్నుంచి పనికి వెళ్లక్కర్లేదు!" నేను రేపటిదాకా ఆగలేదు. ఆ రోజే సెలవు పెట్టి, పోపుల డబ్బా దగ్గర్నుంచి దేవుడి హుండీ దాకా ఇల్లంతా తవ్వి తొమ్మిది వేల బిళ్లలు పోగుచేశాను. మూడుతో భాగించడం మర్చిపోకండి. పాలకొల్లు మార్కెట్లో కూరగాయలమ్మేవాళ్లు నన్ను దూరం నుంచి చూసి చిల్లర గోనె కింద దాచేసేవారు. "ఈ బాబుగారికి వంకాయలిచ్చినా పర్లేదు గాని చిల్లర చూపించకండే, బోర్లించి తిరగేసి బేరం పోయేదాకా చూస్తారు" అని ఒకావిడ పక్కావిడకి చెప్తుంటే నా చెవులారా విన్నాను.

కొన్నాళ్లకి ఫోనులోని పెద్దమనుషులే కొత్త మాట ఎత్తుకున్నారు. గ్రేడింగ్. అదేం బ్రహ్మవిద్య కాదు. మన నాణేన్ని ఎక్కడో ఉత్తరాది నగరంలో ఉన్న సంస్థకి కొరియర్లో పంపాలి. అక్కడ కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు దాన్ని భూతద్దంలో చూసి, అసలుదో నకిలీదో తేల్చి, ఎంత అరిగిందో, ఎంత మిగిలిందో చూసి డెబ్బైకి మార్కులేస్తారు. వందకి కాకుండా డెబ్బైకి ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఆ మార్కుల చీటీతో సహా నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పగలగొడితే తప్ప ఊడకుండా మూసేస్తారు. ఆ పెట్టెని స్లాబ్ అంటారు. ఆ తర్వాత ఎవరు కొన్నా నాణెం మొహం చూడరు, పెట్టె మీద అంకె చూస్తారు. పెళ్లిచూపులకెళ్లి జాతకం చూసుకుని వచ్చెయ్యడం లాంటిదన్నమాట.

నేను ఆగుతానా? తళతళలాడే మామూలు రూపాయి బిళ్లలు అయిదు ఏరి పంపాను. మూడు నెలలకి అయిదు పెట్టెలొచ్చాయి. మార్కులు బాగానే పడ్డాయి. కాని ఊరందరి జేబుల్లోనూ ఉండే రూపాయికి అరవై అయిదు మార్కులొస్తే మాత్రం ఏం లాభం, అది రూపాయే. దాన్ని పంపడానికైన ఖర్చుతో అలాంటివి బస్తాడు తెచ్చుకోవచ్చు. పైగా ఇదివరకు దాంతో కనీసం ఒక చాక్లెట్టన్నా వచ్చేది, ఇప్పుడు పెట్టె పగలగొడితే గాని అదీ రాదు. ఆ పెట్టెల్లో రెండింటిని మా ఆవిడ కిటికీ తలుపులు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతోంది. వాటి విషయంలో ఇంతవరకు ఎవరికైనా ఉపయోగం కనిపించిందంటే అదే.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వులాటగానే మిగిలేది. కాని నాకో మామగారున్నారు, ఆయనకో రూపాయి ఉంది.

మా మామగారు కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పాలకొల్లు నుంచి స్కూటరు మీద అరగంట. ఇల్లు లాకులకి ఎదురుగానే. పడవలు తిరిగే రోజుల్లో ఆయన తలూపితే గాని గోదావరి సముద్రంలోకి వెళ్లేది కాదట. ఇది ఆయన చెప్పిన మాటే. పెంచి చెప్పడంలో కూడా ఆయన నాకు మామగారే. పడవల్లో సరుకు రవాణా ఆగిపోతున్న కాలంలో, ఆఖరిసారి లాకు దాటుతూ ఒక పడవ యజమాని తన పెట్టె అడుగు నుంచి తీసి ఈయన చేతిలో పెట్టిన వెండి రూపాయి అది. కంపెనీ వాళ్ల కాలం నాటిది. ఒక పక్క జుట్టు పైకి దువ్వుకున్న తెల్లరాజు తల, రెండో పక్క ఆకుల దండ.

అది చేతికొచ్చిన రెండు మూడేళ్లకి, ఆనవాలు కనుక్కుని, రాజమండ్రి నుంచి ఒక వెండి వ్యాపారి బస్సెక్కి వచ్చాడు. ఆయన ఇస్తానన్న సొమ్ముకి ఆ రోజుల్లో పాడిగేదె, దాని దూడ, రెండూ ఉండటానికి పాక కూడా వచ్చేవి. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పాలేమో బయట కొనాలి. వ్యాపారి కాఫీ తాగుతుండగానే మా అత్తగారు పెరట్లోకి వెళ్లి గేదెని ఎక్కడ కట్టాలో చూసుకుని వచ్చేశారు. ఈలోపు ముందుగదిలో మామగారు రూపాయిని కుంకుమ భరిణెలో పెట్టి మూత బిగించేశారు. "గేదె ఎప్పటికైనా చచ్చిపోద్దండి. ఇది చావదు. పురిట్లోంచి ఇప్పుడే తీసినట్టుంది చూడండి, ఇలాంటిది జిల్లాలో ఇంకోటి లేదు" అన్నారట. వ్యాపారి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ముప్పై అయిదేళ్లుగా మా అత్తగారు రోజుకొక్కసారైనా ఆ గేదెని తోలుకొస్తూనే ఉన్నారు. పాలవాడు నీళ్లపాలు పోసి వెళ్లడం ఆలస్యం, వీధిగుమ్మంలోంచే మొదలు.

"ఏవండీ, మీ రూపాయి ఈనిందా?"

"పొద్దున్నే మొదలెట్టావా?"

"ఏం లేదు, జున్నుపాలు పోస్తారేమోనని గిన్నె తెచ్చాను."

మామగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. నేను అల్లుణ్ణై ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి పూటే ఆవిడ నాకు పాలగ్లాసు అందిస్తూ, "తాగండి బాబూ, మీ మావయ్యగారి గేదె పాలు కావులెండి, కొన్నవే" అన్నారు. నాకు అర్థం కాక నవ్వాను. తర్వాత అర్థమయ్యాక కూడా నవ్వాను. అక్కడే నా తప్పు మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

ఇక తలంటు సంగతి. గేదె రాని ఆ ఏడాది నరక చతుర్దశి నాడు తెల్లవారుజామున పెరట్లో పీటలు వేసి, పిల్లలు ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టి, నువ్వులనూనె గిన్నెతో మా అత్తగారు సిద్ధంగా నించున్నారు. కడుపుమంట ఇంకా చల్లారలేదు కదా, లోపలికి కేకేశారు: "ఏవండీ, మీ పెద్దకొడుకుని మర్చిపోయారేంటి, ఆయన్నీ తీసుకురండి. ఏడాదికోసారైనా నీళ్లు పొయ్యాలిగా!"

ఆవిడ అన్నది ఎత్తిపొడుపుకి. ఆయన నిజంగానే భరిణె తెచ్చి, రూపాయి తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. అంతే. పెట్టాక ఆవిడ ఏం చెయ్యగలరు? అందరికంటే పెద్దది కాబట్టి దానికే మొదట నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడురసంతో రుద్ది, వేణ్ణీళ్లు పోసి, మెత్తటి పంచె చెంగుతో తుడిచి, రాజుగారి నుదుటన ఇంత బొట్టు పెట్టారు. అప్పటి వరకు నల్లగా, మసకగా ఉన్న రాజుగారు పెళ్లికొడుకులా మెరిసిపోయారట. మామగారు దాన్ని దీపం దగ్గర పెట్టుకుని కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయారట.

అప్పట్నుంచి ఏటా అదే. "నా వంతు వచ్చేసరికి నీళ్లు చల్లారిపోయేవి తెలుసా, మీ బావగారి వల్ల" అని మా ఆవిడ ఆ రూపాయి మీద ఇప్పటికీ చాడీలు చెప్తుంది. మొదట్లో వెక్కిరింతగా రుద్దిన అత్తగారు రానురాను మరోలా రుద్దడం మొదలుపెట్టారు. రాజుగారి చెవి వెనకాల పిండి మిగిలిపోకుండా బొటనవేలితో తీసేవారు. పిల్లలు పెద్దయిపోయి పెరట్లో పీటలు ఖాళీ అయ్యాక తలంటు పోయించుకోవడానికి మిగిలింది అదొక్కటే. నోటితో గేదెని తోలేవారు గాని, చేత్తో మాత్రం దాన్ని ఎప్పుడో పెంచేసుకున్నారు.

ఆయన విషయం కూడా చెప్పాలి. ఉద్యోగం వాళ్ల నాన్నగారు చూసింది. పెళ్లి మేనత్త కుదిర్చింది. బదిలీలు గవర్నమెంటు చేసింది. రిటైర్మెంటు కూడా వాళ్లే చేశారు. బతుకు మొత్తంలో తన బుర్రతో తాను తీసుకున్న నిర్ణయం ఆ రూపాయి అమ్మకపోవడం ఒక్కటే. అది తెలివో తెలివితక్కువతనమో తేలకుండానే ఆయనకి ఎనభై వచ్చేశాయి.

తేల్చేద్దామన్న పుణ్యాత్ముణ్ణి నేనే.

మొన్న ఎండాకాలంలో రాజమండ్రిలో ఒక కళ్యాణమండపంలో నాణేల ప్రదర్శన పెట్టారు. మామగారిని తీసుకుని వెళ్లాను. బస్సులో ఆయన భరిణెని పంచె మడతలో దోపుకుని, దాని మీద చెయ్యి వేసుకుని, రావులపాలెం వచ్చేదాకా ఊపిరి కూడా పీల్చలేదు. ప్రదర్శనలో రెండొందల బల్లలున్నాయి, బల్లకి లక్ష నాణేలు. ఒక బల్ల దగ్గర పెద్దమనిషి తరహా వ్యాపారి ఒకాయన, కంటికి గాజుబిళ్ల తగిలించుకుని కూర్చున్నాడు. మామగారు భరిణె మూత తీసి ఆయన ముందు పెట్టారు.

ఆయన అంచులు పట్టుకుని తీసి, దీపం కింద ఇటూ అటూ వాల్చి చాలాసేపు చూశాడు. "బాబాయిగారూ, ఎప్పుడైనా తోమారాండీ? చింతపండు గాని, విబూది గాని?"

మామగారికి కోపం వచ్చింది. "తోమడమేంటండీ? అదేమన్నా చెంబా, గిన్నా? చంటిబిడ్డలా చూసుకున్నాను."

"ఆయ్, ఊరికే అడిగానండి. స్లాబ్ లేదుగా?"

"మాది పెంకుటిల్లండి" అన్నారు మామగారు.

వ్యాపారి నవ్వకుండా తమాయించుకుని, ఆ పెట్టె సంగతి ఆయనకి వివరంగా చెప్పి, "ఇప్పుడు కొనేవాళ్లందరూ అదే అడుగుతున్నారండి. నా మాటెందుకు, పంపించి చూడండి" అన్నాడు. ఆ "నా మాటెందుకు" అన్న తీరులోనే అంతా ఉంది. నాకు వినపడలేదు.

ఇక్కడ నేను అబద్ధమాడాననుకోకండి, మామగారు ఆడారని అసలే అనుకోకండి. నాణేలు కడగొద్దు, రుద్దొద్దు, మెరుపు కోసం పాలిష్ పెట్టొద్దు అని నా ఫోనులోని పెద్దమనుషులు పొద్దస్తమానం మొత్తుకుంటూనే ఉన్నారు. నేను బుద్ధిగా వింటూనే ఉన్నాను. కాని తలంటు అంటే తోమడమని మా ఇంట్లో ఎవరికి తోచింది? గిన్నెలు తోముతాం, ఇత్తడి చెంబులు తోముతాం. తలంటు పోసేది పిల్లలకి, కొత్తల్లుడికి. దాన్ని శుభ్రం చెయ్యడమని ఎవరంటారు? ముద్దు చెయ్యడమంటారు. ఆ వ్యాపారి "తలంటారా?" అని అడిగి ఉంటే మామగారు రొమ్ము విరుచుకుని, ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పి ఉండేవారు.

తిరుగు బస్సులో నేను ఎక్కించడం మొదలుపెట్టాను. "మావయ్యగారూ, పంపుదామండి. యాభై మార్కులు దాటాయనుకోండి, అత్తయ్యగారి గేదె ఇంక గుమ్మం తొక్కదు."

"బిడ్డని ఒంటరిగా అంత దూరం పంపమంటారేంటండీ అల్లుడుగారూ?"

"ఇన్సూరెన్సు చేస్తారండి."

"బిడ్డకి ఇన్సూరెన్సేంటండీ!" అన్నారు. కాని బస్సు సిద్ధాంతం ఊరు వచ్చేసరికి, "యాభై దాటుతాయంటారా?" అని అడిగారు. పెనుగొండ దాటాక, "అరవై ఎందుకు రావండీ?" అన్నారు. ఇంటికి చేరేసరికి డెబ్బైకి డెబ్బై వచ్చేశాయి.

పంపాం. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు ఆ ఇంటిని చూసి ఉంటే మీరు కూడా పంపమనే అనేవారు. మామగారు రోజూ గడ్డం గీసుకునేవారు. నాకు రోజుకి పదిసార్లు ఫోను, "ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని. లాకుల మీద కూర్చునే తన ఈడువాళ్లకి గ్రేడింగ్ గురించి ఉపన్యాసాలు. "అక్కడ ముగ్గురు చూస్తారండి. ఒకళ్ల మార్కు ఇంకోళ్లకి చెప్పరు. మన టెన్త్ పేపర్ల కంటే స్ట్రిక్టు" అని, నా దగ్గర విన్నదానికి ఇంత పెంచి చెప్పేవారు. అత్తగారు మాత్రం, "వచ్చేటప్పుడు దారిలో గడ్డి తినొస్తుందేమో, మేత మిగుల్తుంది" అంటూ ఉండేవారు.

ఒక సోమవారం పొద్దున్న నేను ఆఫీసు పని మీద క్షీరారామం వీధిలో వెళ్తుంటే, గుడిలోంచి అత్తగారు వస్తూ కనిపించారు. చేతిలో కొబ్బరిచిప్పలు. ఒక్కరే బస్సెక్కి వచ్చారు. నన్ను చూసి దొంగతనంలో దొరికినట్టు అయిపోయారు.

"ఏంటండీ అత్తయ్యగారూ, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉన్నారు బాబూ." చిప్పలు కొంగు కిందికి లాక్కున్నారు. "దానికి మంచి మార్కులు రావాలని మొక్కుకున్నాను. ఆయనతో అనకండి."

"మీరాండీ?"

"నేను ఎన్నంటే ఏంటి బాబూ. ఈ వయసులో ఆయన మాట ఓడిపోతే చూడగలనా? నెగ్గనీండి. నేనే ఓడతాను, నాకేం పోయింది."

నేను ఆయనతో అనలేదు. ఇప్పటికీ అనలేదు.

పార్సెలు దీపావళికి నెల ముందు వచ్చింది. మా ఆవిడా నేనూ దాన్ని తీసుకుని లాకుల దగ్గరకి వెళ్లాం. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. అత్తగారు గుమ్మానికి ఆనుకుని నించున్నారు. డబ్బా విప్పి, దూది తీసి, పెట్టెని ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దీపానికి ఎత్తి, రాజుగారిని చూసుకుని, "బానే ఉన్నాడు, చిక్కలేదు" అన్నారు. చీటీ మీద అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. కూతురికి అందించారు. "చదవమ్మా. ఎంత?"

మా ఆవిడ చదివింది. రెండోసారి చదివింది. నాకేసి చూసింది. "అంకె లేదు నాన్నా. క్లీన్డ్ అని ఉంది."

"అంటే?"

"శుభ్రం చేశారని."

మామగారి మొహం విచ్చుకుంది. "మరి! ఊరికే ఉందా? ఎంత శుభ్రంగా ఉంచామో వాళ్లకి కూడా తెలిసిందన్నమాట." అత్తగారి వైపు తిరిగి, "విన్నావా?" అన్నారు. అత్తగారు కూడా నవ్వారు. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. "సరే, శుభ్రానికి ఎన్ని వేశారు?" అని అడిగారు ఆయన.

ఆ క్షణాన నేను ఏదో ఒక అంకె చెప్పెయ్యొచ్చు. బతుకంతా లేని అంకెలు చెప్పినవాణ్ణి. అంకె చీటీ వెనకాల ఉందండి, అరవై రెండు అంటే ఆయన నమ్మేవారు, ఆ చీటీ చదవలేరు, ఊళ్లో చదివి చెప్పేవాళ్లూ లేరు. కావలసిన ఆ ఒక్క పూటా నాకు అంకె దొరకలేదు. నెమ్మదిగా, నిజం చెప్పాను. అది ప్రశంస కాదండి, అన్నాను. వెండి మీద ఏళ్ల తరబడి నల్లగా కట్టేదే నాణేనికి చర్మమట. దాన్ని తీసేస్తే ఇంక మార్కు వెయ్యరు. ఏదో మెత్తటి పిండి లాంటిదానితో చాలాసార్లు రుద్దినట్టు సన్నటి గీతలున్నాయట. నాణెం అసలుదేనట. పాడు కాకుండా ఉండి ఉంటే చాలా గొప్పదయ్యేదట.

"ఎవరు రుద్దారంట?" అన్నారు మామగారు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరేంటండీ, నేనే! ముప్పై అయిదేళ్లు రుద్దాను. ఆ నూనె, ఆ సున్నిపిండి గేదెకి పెట్టుంటే ఈపాటికి డెయిరీ పెట్టేవాళ్లం!" అన్నారు. మామగారు ఆవిడకేసి ఒక్క నిమిషం చూసి, లాకు గేటు ఎత్తినట్టు నవ్వారు. ఆ నవ్వుకి కాలవ అవతలి గట్టు మీద కొంగలు లేచాయి. మా ఆవిడ నవ్వింది, నేను నవ్వాను, పెట్టెలో రాజుగారు కూడా కాస్త పెదవి కదిపినట్టే కనిపించారు.

ఈ మధ్య కొత్తగా నాణేలు పోగుచేసే కుర్రాళ్లు ఆఫీసులో నన్ను అడుగుతున్నారు, "గ్రేడింగుకి పంపడం మంచిదేనాండీ?" అని. నేను చెప్పేది ఇదే. కొత్తలో అక్కర్లేదు. మామూలు బిళ్లకి దండగ, పెట్టె ఖరీదు లోపలున్నదాని కంటే ఎక్కువ. ముందు ఓ నాలుగేళ్లు చూడటం నేర్చుకోండి. అరుగుడేదో, రుద్దుడేదో మీ కంటికే తెలియాలి. ఆ కన్ను లేనివాడికి పెట్టె మీద అంకె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నిజంగా పెద్ద నాణెం దొరికి, నకిలీదేమోనన్న అనుమానం ఉండి, అమ్మే ఉద్దేశం కూడా ఉంటే అప్పుడు పంపండి. అప్పుడైనా, దాన్ని మీ ఇంట్లో ఎవరెవరు ఎలా ముట్టుకున్నారో ముందు కనుక్కోండి. కనుక్కున్నాక పంపాలనిపించదు.

అమ్మే ఉద్దేశం లేనివాళ్ల గురించైతే నాకు చెప్పడానికేమీ లేదు. మా మామగారికి ఆ రూపాయి అమ్మే ఉద్దేశం ఎన్నడూ లేదు. ఆయనకి కావలసింది ధర కాదు. కావలసినదానికి వెయ్యడానికి వాళ్ల దగ్గర అంకె లేదు, దానికి రుసుమూ లేదు. అది తెలియక నేను ఫారం నింపాను.

ఈసారి దీపావళికి వెళ్లాం. నరక చతుర్దశి నాడు పెరట్లో పీట వెయ్యలేదు. మా పిల్లలకి అత్తగారు నూనె గిన్నె అందించి, "మీ అమ్మని అంటమనండి, నాకు చేతులు నొప్పిగా ఉన్నాయి" అన్నారు. మామగారు గడ్డం గీసుకోలేదు. పాలవాడు వచ్చి నీళ్లపాలు పోసి వెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు. అలా ఎవరూ ఏమీ అనని పాలు నేను ఆ ఇంట్లో తాగడం అదే మొదటిసారి. ఆ రూపాయి ఎక్కడుందని నేను అడగలేదు. మా ఆవిడ వెతికితే బీరువాలో చీరల అడుగున, చీటీ ఉన్న వైపు కిందికి పెట్టి ఉందట. ఎవరు పెట్టారో ఇద్దరూ చెప్పరు. ఒకళ్లనొకళ్లు ఇప్పుడు చాలా మర్యాదగా పిలుచుకుంటున్నారు.

పైన రాసినదాన్ని బట్టి మీకు ఈపాటికి తేడా తెలిసే ఉంటుంది. అంతలేసి నవ్వు నవ్వుకున్నవాళ్లు ఇలా ఉండరు. నేను పుట్టించింది అదే. అత్తగారు డెయిరీ అనలేదు. నడుం మీద చేతులు పెట్టుకోలేదు. మామగారు నవ్వలేదు, కొంగలూ లేవలేదు. ఇంటికొచ్చి స్నేహితులకి ఈ కథ చెప్పేటప్పుడు అక్కడ అతకడానికి ఒక నవ్వు కావలసి వచ్చింది. చెప్పి చెప్పి నాకే నిజమనిపిస్తోంది.

"ఎవరు రుద్దారంట?" అని ఆయన అడిగాక జరిగింది వేరు. అత్తగారు తన రెండు అరచేతులూ చూసుకున్నారు. కొంగుతో తుడుచుకున్నారు, తడేమీ లేదు. ఆయనకేసి చూడకుండా, నా దగ్గరికి వచ్చి, చాలా చిన్న గొంతుతో, "ఇంకేదైనా రాస్తే మళ్లీ మామూలుగా అవుద్దా బాబూ?" అని అడిగారు.

అవ్వదండి, అన్నాను. మామగారు విన్నారు.